ఆరు కాళ్ల ఒంటె

ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు మా బల్లారట్. అక్కడి నాటకశాలలో జేబెజ్ ట్రెగియర్‌ది ఒకటే పట్టు. క్రిస్మస్ నాటకంలో ఇద్దరు కలిసి దూరే జంతువు వేషం ఏదైనా సరే, వెనక కాళ్లు తనవే కావాలి. ఒక ఏడు ఆవు, ఒక ఏడు గాడిద, మరో ఏడు ఏనుగు. తల, ముందు కాళ్లు మాత్రం ఎప్పుడూ సైలస్ బాబాయివి. ఒకప్పుడు ఆయన ముక్కు మీద రంగు పూసుకుని తెర పక్కనుంచి తొంగి చూస్తే చాలు, గని పనివాళ్లు నవ్వలేక కడుపులు పట్టుకునేవారట. ఊరంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేది.

వెనక కాళ్ల కోసం పుట్టినవాడు కాదు జేబెజ్. పొద్దున్నే ఖాళీ వేదిక మీద ఒంటరిగా నాట్యం చేసేవాడు. దుస్తుల గదిలో కూర్చుని కుట్టుకుంటున్న నాకు ఆ అడుగులు రేకుల కప్పు మీద తొలి చినుకుల్లా వినిపించేవి. సూది ఆగిపోయేది. అటువంటివాడు సాయంత్రం కాగానే నడుం వంచి, ముఖం దాచుకుని, తోలు సంచిలో దూరేవాడు. ఎందుకు? ఈ సంగతి తేలక నాకు అన్నం సయించేది కాదు.

"ఇంత చక్కని మొహం పెట్టుకుని జంతువు కడుపులో దూరతావేంటయ్యా?" అని అడిగాను.

"మొహానికి రోజూ గడ్డం గీయాలి కెజియా అక్కా. వెనక కాళ్లకి అక్కర్లేదు."

మరోసారి అడిగితే, "మొహం మీద కుళ్లిన గుడ్డు వేస్తారు. వెనక్కి ఎవరూ వెయ్యరు" అన్నాడు.

"వేస్తే?"

"ఒంటెకి తగుల్తుంది. నాకేం?"

ఆ ఏడు మాది ఒంటె నాటకం. ఒక రాజుగారు ఎడారిలో బీరు సరస్సు ఉందని విని, పోలీసును వెంటబెట్టుకుని ఒంటె మీద బయల్దేరతాడు. రాజకుమారుడి వేషం ఆడమనిషిది, రాజమాత వేషం మీసాలున్న మగవాడిది. చివర్లో ఎడారి పూలతోటగా మారిపోతుంది. హార్లెక్విన్ అనే తళుకుల బట్టల విదూషకుడు వచ్చి నాట్యం చేస్తాడు. డిసెంబరు ఎండకు ముఖాల రంగులు కారిపోతుంటే, వాటిని తుడుచుకుంటూ సాధన చేసేవాళ్లం.

ఒంటె తోలు కుట్టింది నేనే. దాని కడుపు కింద రోజూ జానెడు చీలిక కనపడేది. నేను కుట్టేదాన్ని. మర్నాటికి మళ్లీ చీలిక.

"ఎలుకలక్కా" అన్నాడు జేబెజ్.

"ఎలుకలు కత్తెరతో కోస్తాయా?"

"బంగారం పండే ఊరు కదా. కొనుక్కుని ఉంటాయి."

ఇంకో మూడు రోజుల్లో ఆట అనగా, హార్లెక్విన్ వేసేవాడు ఎక్కడో కొత్తగా బంగారం పడిందని విని పార చేతబట్టి పారిపోయాడు. యజమాని ఫాల్కనర్ గారు తళుకుల బట్టలు తెచ్చి జేబెజ్ చేతుల్లో పడేశాడు.

"నాకు వెనక కాళ్లే చాలండి."

"కాదంటే ఒంటెనే తీసేస్తా. ముసలి సైలస్ ఇంటికెళ్లి పడుకుంటాడు."

జేబెజ్ ముఖం పాలిపోయింది. "ఒంటెని తియ్యకండి. వేస్తా" అన్నాడు. కాళ్లు దక్కనివాడికి ఒంటె ఉంటేనేం, పోతేనేం? నాకు అంతు చిక్కలేదు.

వెనక కాళ్లు కసాయి కొట్టులో పనిచేసే హ్యూబర్ట్‌కు వెళ్లాయి. తోలు సరిచేస్తూ జేబెజ్ పాఠం విన్నాను.

"బాబాయి నడుం రెండు చేతుల్తో పట్టుకో. కింద సందులోంచి నేల మీది సుద్దగీతలు చూస్తూ ఉండు. ఏమైనా సరే, వదలకు."

"ముందున్నాయన చూసుకోడా ఏంటి?"

"చెప్పింది చెయ్యవయ్యా బాబూ!"

క్రిస్మస్ మర్నాడు, మధ్యాహ్నం ఆట. నాటకశాల కిక్కిరిసింది. ఒంటె వేదిక మీదికి రాగానే ఈలలు మిన్నంటాయి. హ్యూబర్ట్ ఒక కాలు విదిలించాడు. జనం నవ్వారు. రెండో కాలు విదిలించాడు. మరీ నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక తనకు ఎవరూ చప్పట్లు కొట్టలేదేమో, పాపం, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గిట్టలు ఎగరేస్తూ వెనకే ఉండిపోయాడు. ఒంటె తల మాత్రం నింపాదిగా, నిద్రలో నడుస్తున్న మబ్బులా ముందుకు సాగింది. ముందు గ్యాసు దీపాల వరుస. దాని అవతల వాద్యగాళ్ల గుంట. అందులో పెద్ద డప్పు.

"బాబాయ్!" అని కేక వేయబోయాను. అవతలి పక్కన, తెర చాటున, తన వంతు కోసం నిలబడ్డ జేబెజ్ ముఖం చూశాను.

తళుకులు చిమ్ముకుంటూ దూకాడు. నేల మీద జారుతూ వెళ్లి, ఒంటె కడుపు కింద చీలికలో దూరాడు. కుట్లు టపటపా తెగాయి. దీపాలకు అడుగు దూరంలో ఒంటె ఆగింది. చూస్తే దానికి ఆరు కాళ్లు! రెండు కాళ్లు ఇంద్రధనుస్సులా మెరుస్తున్నాయి. ఒంటె హుందాగా పక్కకు తిరిగి, ఆరు కాళ్లతోనూ నాట్యం మొదలెట్టింది. టోపీలు గాల్లోకి లేచాయి.

నా పక్కన ఫాల్కనర్ గారు ముందు పళ్లు నూరాడు. తర్వాత జనం కేరింతలకు చెవులు రిక్కించాడు. "సాయంత్రం ఆటలో కూడా ఆరు కాళ్లు ఉండాల్సిందే!" అన్నాడు.

చీలిక ఎందుకో అప్పుడు తెలిసింది. వేదిక పలకల మీద రోజూ కనిపించే సుద్దగీతలు ఎందుకో కూడా. ఆట ముగిశాక టీ తీసుకుని సైలస్ బాబాయి దగ్గరికి వెళ్లాను. ఒంటె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కప్పు అందిస్తే ఆయన చెయ్యి పక్కనున్న గాలిని పట్టుకుంది. కళ్ల మీద పాలపొర.

"ఇంక మానెయ్యకూడదా బాబాయ్?"

ఆయన అటూ ఇటూ తల తిప్పి, గొంతు తగ్గించాడు. "నాకూ మానాలనే ఉందే అమ్మాయ్. చూపు కాస్త మసక. కానీ ఆ జేబెజ్ సంగతేంటి? జనమంటే వాడికి ప్రాణభయం. లోపల నా నడుం పట్టుకుని పసిపిల్లాడిలా అటూ ఇటూ గుంజుతుంటాడు. ఎటు గుంజితే అటు తిరిగి ధైర్యం చెప్తుంటా. ఇవాళ చూడు, ఒక్కడూ బయట నిలబడలేక పరిగెత్తుకొచ్చి నా దగ్గర దూరాడు! నేను ఇంట్లో కూర్చుంటే వాడు ఏమైపోతాడు?"

గుమ్మంలో జేబెజ్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఒంటి మీంచి తళుకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నేను నోరు తెరిచేలోపే వచ్చి, ముసలాయన నడుం పట్టుకున్నాడు.

"బాబాయ్, రెండో ఆటకి వేళయింది. నాకు భయంగా ఉంది."

"నేనున్నాగా. గట్టిగా పట్టుకోరా!" అంటూ సైలస్ బాబాయి ఒంటె తల తగిలించుకుని రాజులా ముందు నడిచాడు, జేబెజ్ ఎటు గుంజితే అటు.