గోడమీద వీధి

భర్త పోయాక నాగేంద్రమ్మ బందరులో అన్నగారింటికి చేరింది. ఎదురొస్తే అపశకునమంటారని పదేళ్లుగా వీధి గడప దాటలేదు. చలిజ్వరాలతో బడి మానేసిన ఎనిమిదేళ్ల మేనకోడలు ఇందిరకు ఇంట్లో పాఠాలు చెబుతుండేది.

ఒక మధ్యాహ్నం గది చీకటి చేసి, కిటికీ తలుపుకు మేకుతో సన్నని చిల్లు పొడిచింది. ఎదుటి సున్నపు గోడమీద వీధి తలకిందులుగా కనిపించింది.

"అత్తా, జట్కా గుర్రం ఆకాశంలో నడుస్తోందే!"

"ఆ చిల్లులోంచి వెలుగు తిన్నగానే పోతుంది కదే పిచ్చిదానా! అందుకే పైది కిందికీ, కిందిది పైకీ పడుతుంది."

ఇందిర వీధిలోకి పరుగెత్తింది. గోడమీద తలకిందులుగా గంతులేసింది.

"ఇప్పుడు నువ్వు రా అత్తా! నేను లోపలికెళ్లి చూస్తాను."

నాగేంద్రమ్మ గడపదాకా వెళ్లి, జట్కావాణ్ణి చూసి వెనక్కి వచ్చేసింది. గోడమీద ఇందిర ఇంకా చెయ్యి ఊపుతోంది. చీకట్లో తానూ చెయ్యి ఊపింది.