ఫ్రీ యాప్ చెప్పని ముగింపు

రాసింది చదివి వినిపించే ఉచిత యాప్ ఒకటి ఈ రోజు నా పరువు తీసింది.

కళ్యాణదుర్గంలో కుందుర్పికి పోయే షేర్ ఆటో ఎక్కి, మనుషులు నిండేదాకా నా కొత్త కథ విందామని పెట్టాను. ఇంతలో ఇయర్‌ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, ఫోన్ అందరికీ వినబడేలా చదవసాగింది. ఆపబోతే పక్కనున్న పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీప్పా, వింటాండాం."

కథలో గంగమ్మ వానల్లేక మేకల్ని సంతకు తోలుకుపోయింది. బేరం దగ్గర ఆమె ఏడుస్తుంటే మధ్యలో బంగారం మీద అప్పిస్తామని ప్రకటన. అది అయ్యాక ఇంకో రెండు వాక్యాలు చదివి యాప్ ఆగిపోయింది.

"ఏమప్పా, ఆయమ్మ మేకల్ని అమ్మిందా లేదా?" అని పెద్దామె నిలదీసింది.

"ఫ్రీదంటే అంతేలే అవ్వా. దుడ్లు కట్టింటే కడదాకా చెప్పేది," అన్నాడు డ్రైవర్. ఆటో మొత్తం నన్ను పిసినారిని చూసినట్టు చూసింది.

పాపం, యాప్ తప్పేం లేదు. నేను రాసిందే అంతవరకు. ముగింపు దొరక్క నెల రోజులుగా చస్తున్నాను. ఎంత కడితే వస్తుందో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి, కట్టేస్తాను.