రాజూ అయిదూ చేతికొస్తే

పేకాటలో నేను మొనగాణ్ణని నా నమ్మకం. ఐర్లండ్ వచ్చాక కూడా, మేముండే స్వోర్డ్స్ ఊళ్లో ఆదివారం ఎవరింట్లో రమ్మీ పడితే అక్కడ ఉండేవాణ్ణి. చెయ్యి దొరక్కపోతే ఎవరో ఒకరి వెనక చేరి, "అది కాదురా, ఆ జాకీ పడెయ్" అంటూ ప్రాణాలు తోడేసేవాణ్ణి. ఆ పాడలవాటుతో మా ఆవిడకు నేను చేసిన అన్యాయం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

ఆమె గుంటూరులో ఆరేళ్లు ఫార్మసిస్టుగా చేసిన మనిషి. అలాంటిది ఇక్కడికొచ్చి ఏడాదిన్నర ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంది. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి, రెండుచోట్లా నోరు పెగలక తిరిగొచ్చింది. ఇంగ్లీషు నాకంటే ఆమెకే బాగా వచ్చు. ఎదుటివాళ్లు ఇక్కడి యాసలో గబగబా అడిగేసరికి బిగుసుకుపోయేది. "రాక కాదండీ, భయం. ఒక్కరు నాతో నిదానంగా మాట్లాడితే చాలు, నేనూ మాట్లాడతా," అనేది.

ఆ డిసెంబరులో మా ఆఫీసువాళ్లు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో పార్టీ పెట్టి, హాల్లో కాసినో బల్లలు వేయించారు. నిజం డబ్బులేం లేవు. మనిషికి కాసిని ప్లాస్టిక్ బిళ్లలిస్తారు, ఆఖరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లకు బిస్కెట్లూ చాక్లెట్లూ పెట్టిన బుట్ట. ఆ దిక్కుమాలిన బుట్ట కోసం నేను వారం రోజులు కూర్చుని ఆట కిటుకులు చదివాను.

పోకరే గాని, తోటివాళ్లతో కాదు, బల్ల అవతల ముక్కలు పంచేవాడితో ఆడాలి. మనకు రెండు ముక్కలు, అతనికి రెండు, మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా అయిదు. ఆ అయిదూ తెరవకముందే తెగించి కాస్తే మొదటి పందేనికి నాలుగు రెట్లు కాయొచ్చు. కొన్ని చూశాక అయితే రెండు రెట్లే, అన్నీ చూశాక ఒక్క రెట్టే. రమ్మీలో మనం నేర్చుకున్నదేమిటి? చెయ్యి బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ చెప్పి బయటపడమని. ఇక్కడ అంతా తలకిందులు. రాజూ, రంగైనా కలవని అయిదూ వస్తే కళ్లు మూసుకుని నాలుగు రెట్లూ పెట్టేయాలి. రాణీ ఎనిమిదీ వచ్చినా అంతే. చాలాసార్లు పోతుంది, నిజమే. అయినా ఆచితూచి ఆగేవాడికే మొత్తం మీద నష్టం ఎక్కువ. ఇది మా ఆవిడకు వంటింట్లో కూర తరుగుతుండగా కూడా చెప్పాను.

పార్టీలో ఒక్క కుర్చీయే ఖాళీగా ఉంటే ఆమెను కూర్చోబెట్టి నేను వెనక నిలబడ్డాను. ఆమె పక్కన మా టీమ్‌లోని ఒకాయన భార్య, ఇక్కడి మనిషే, యాభై ఏళ్లుంటాయి. ఊళ్లో మందుల షాపు నడుపుతుంది. ఆవిడ ఒక్కో మాటా తెంపి తెంపి, నిదానంగా మాట్లాడుతోంది. పది నిమిషాల్లో మా ఆవిడ నవ్వుతోంది! దగ్గు మందుల గురించి చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. ఇక్కడికొచ్చాక ఆమెను అలా చూడటం అదే మొదలు.

ఆవిడ మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. కౌంటరు దగ్గర మనిషి కావాలనీ, ఇక్కడి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అందులో ఉండొచ్చనీ, సోమవారం షాపుకు రమ్మనీ. "యూ విల్ బీ గ్రాండ్," అంది. అన్నీ విన్నాను. వినలేదని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

రాణీ ఎనిమిదీ వచ్చాయి. మా ఆవిడ "చెక్" అని, పందెం పెంచకుండా ఆగిపోయింది.

"అదేంటి, నాలుగు రెట్లు పెట్టాలి కదా!" అన్నాను చెవిలో.

"చూసి పెడదాంలెండి," అని మళ్లీ ఆవిడ వైపు తిరిగింది.

తర్వాతి పంపకంలో రాజూ అయిదూ. అదే సమయానికి షాపావిడ ఫోన్ తీసి మా ఆవిడ నంబరు అడుగుతోంది. మా ఆవిడ ముక్కలకేసి సరిగా చూడకుండానే మళ్లీ "చెక్" అనబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"బుర్రుందా నీకు? వారం రోజులుగా చెవినిల్లు కట్టుకుని చెబుతుంటే!" అని తెలుగులో అరిచాను. అక్కడితో ఆగినా బాగుండేది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారని పళ్లికిలించి, "సారీ, షీ డజంట్ అండర్‌స్టాండ్ ఎనీథింగ్," అన్నాను. ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి బిళ్లలు నేనే ముందుకు తోశాను.

మధ్య ముక్కల్లో ఇంకో రాజు పడింది. గెలిచాం. అందరూ చప్పట్లు కొట్టారు. షాపావిడ కొట్టలేదు. మా ఆవిడ వైపు వంగి, "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అంది. మా ఆవిడ నవ్వి తలూపింది. ఆవిడ ఫోన్ పట్టుకుని నంబరు కోసం కాసేపు ఎదురు చూసింది. ఇంతలో భోజనాలకు పిలిచారు, లేచి వెళ్లిపోయింది. ఆ కుర్చీలో నేను కూర్చుని ఆడాను. బుట్ట కూడా నాకే వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఆ పందెం ఎందుకు సరైనదో వివరిస్తున్నాను, సిగ్గులేకుండా. ఆమె కిటికీలోంచి చూస్తూ అంది: "ఆవిడ నా నంబరు అడిగిందండీ."

"ఇవ్వకపోయావా?"

"తొమ్మిదిని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తు రాలేదు."

సోమవారం ఆఫీసులో ఆవిడ భర్త నా ఎదుటి బల్ల దగ్గరే ఉన్నాడు. షాపు సంగతి ఒక్క మాట అడిగితే పనైపోయేది, అడుగుతానని మా ఆవిడతో అన్నాను కూడా. వాళ్లావిడ నా గురించి ఇంట్లో ఏం చెప్పిందోనని అతని మొహం చూడలేకపోయాను. మంగళవారమూ అడగలేదు. గురువారం మా ఆవిడే, "అడిగారా?" అంది.

"వేరేవాళ్లను తీసేసుకున్నారట," అన్నాను.

"పోన్లెండి," అంది. అది అబద్ధమని నేను ఆమె దగ్గర ఇప్పటికీ ఒప్పుకోలేదు.

రెండేళ్ల తర్వాత తన తిప్పలేవో తను పడి, డ్రోహెడాలో ఒక ఆస్పత్రి ఫార్మసీలో ఉద్యోగం తెచ్చుకుంది. అక్కడ రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, జోకులు కూడా వేస్తుందట. నేను వంటింట్లోకి అడుగుపెడితే మాత్రం, "ఐ విల్ రింగ్ యూ బ్యాక్," అని ఫోన్ పెట్టేస్తుంది.

పోయిన నెల ఆమె మోకాలి నొప్పికి జీపీ దగ్గరకు, అంటే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఎక్కడ నొప్పి అని డాక్టరమ్మ ఆమెనే అడిగింది. ఆమె నా వైపు తిరిగి, "మీరు చెప్పండి," అంది. డాక్టరమ్మ నన్ను అడిగింది, ఈమెకు ఇంగ్లీషు రాదా అని.

"వచ్చు," అన్నాను.

మరి, అన్నట్టు చూసింది. నేను మా ఆవిడ మోకాలి గురించి చెప్పడం మొదలుపెట్టాను.