ఎర్ర గీత లేని పేజీ

పెద్ద గుమాస్తా గారికి కంప్యూటరులో తన మాట కింద ఎర్ర గీత కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. చొక్కా చేతులు పైకి మడిచి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఆ మాటను గుడ్లురిమి చూస్తారు. తప్పేమో అన్న అనుమానం మాత్రం రాదు. మౌసు టక్కుమనిపించి, 'నిఘంటువులో చేర్చు' అన్నచోట నొక్కుతారు. గీత మాయమవుతుంది. "దీనికి ఇన్నేళ్లుగా నేనే చదువు చెబుతున్నా" అంటూ పక్క సీటుకు వినిపించేలా గొప్పలు పోతారు.

మేనకోడలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుంటే, "చిన్నపిల్లవి, నీకేం తెలుసే!" అని లాక్కుని, సొంత మాటలు నాలుగు కలిపి తానే తన కంప్యూటరులో టైపు చేశారు. "చూడు, ఒక్క గీతైనా ఉందా?" అన్నారు. లేదు. ఆ పిల్ల నమ్మి పంపించింది.

వారం తిరక్కుండా అది ఎర్ర సిరా చుట్లతో వెనక్కి వచ్చింది.

"ఉద్యోగం రాలేదు మామయ్యా! ఇవన్నీ తప్పులేనట." పిల్ల ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కాగితాన్ని వెలుతురులో పెట్టి తీరిగ్గా చూశారు.

"పాపం, వాళ్ల కంప్యూటరుకి చదువు చెప్పేవాళ్లు లేనట్టున్నారే! ఇంకోచోటికి పంపిద్దాంలే" అంటూ మళ్లీ చొక్కా చేతులు మడిచారు.