మగపెళ్లివారి పత్తిపూలు

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో టీ తాగాలన్నా ఆ బంకు ఏ పార్టీవాళ్లదో కనుక్కుని తాగేవాళ్లం. అట్లాంటి కాలంలో నాకు పత్తిపూలకు పెళ్లిళ్లు చేసే ఉద్యోగం దొరికింది. ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి (మా నాయన దృష్టిలో తిండికి తప్ప దేనికీ పనికిరాక) తిరుగుతుంటే, ఒక విత్తనాల కంపెనీ నన్ను జమ్మలమడుగు దగ్గరి పల్లెకు పంపింది. పని చెప్పుకోవడానికి సులువే. ఆడ సాళ్లలో మొగ్గలను సాయంత్రం విప్పి వాటి పుప్పొడి కేసరాలు గిల్లేయాలి. పొద్దున్నే మగ సాళ్ల పూలు కోసుకొచ్చి వాటికి రుద్దాలి. "ఆ ఊళ్లో విత్తనం రాకపోతే నువ్వూ రావద్దు" అన్నాడు మేనేజరు.

ఆ ఊళ్లో ఒక పార్టీకి పెద్ద మా మీసాల మామే, మా అమ్మకు దూరపు తమ్ముడు. రెండు సంచులిచ్చి, ఇది ఆడ విత్తనం, ఇది మగది, రెండూ పక్కపక్కనే వేయాలని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. తలూపాడు. తీరా పూత సమయానికి కూలి ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోతే, మగ సాళ్లు విరగబూసి ఉన్నాయి. ఆడ సాళ్లు ఉండాల్సిన చోట జొన్న ఊగుతోంది.

"ఆడ చెట్లు యాడ మామా?"

"ఆడ విత్తనం ఏసేదానికి నేనేమన్నా గాజులు తొడుక్కున్యానా? చీరా రైకగుడ్డా పెట్టి, ఆ సంచి అవతలి పార్టీవాని ఇంటికి పంపిస్తి!" అన్నాడు మీసం దువ్వుతూ.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కూలి ఆడవాళ్లలో ఒకామె జాలిపడింది. "ఏడ్సొద్దప్పా. ఆ అవతలి పార్టీ ఆయప్ప కోర్టు వాయిదాలకు తిరుగుతాంటే, ఆయప్ప పెండ్లాం 'విత్తనం ఏం పాపం చేసింది' అని వాళ్ల సేన్లో ఏసింది. శానా బాగా మొగ్గేసింది."

ఇక మామ మగ పూలు రెండు పార్టీల మధ్య వీధి దాటితే చాలు. మామ మాత్రం తల తెగినా ఇవ్వనన్నాడు. పొద్దెక్కుతోంది, పుప్పొడి ఎండిపోతోంది. విసిగిపోయి అరిచాను: "మగ పూలు మనవి, ఆడ చెట్లు వాళ్లవి. మనం మగపెళ్లివాళ్లం గదా మామా!"

మామ మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి పూల గంపకు పసుపు కుంకుమ పెట్టి మరీ పంపాడు. (వీధి మధ్యలో రెండు పార్టీలవాళ్లూ బాంబుల కోసం ఆ గంపను కెలికేవాళ్లు. సగం పుప్పొడి వాళ్ల చేతులకే అంటుకునేది.)

కాయలు పగిలాయి. కంపెనీ లారీ వచ్చి అవతలి వాళ్లింటి ముందు ఆగింది.

"మనింటికాడికి ఎప్పుడొస్తాది?" అన్నాడు మామ.

"రాదు మామా. విత్తనం ఇచ్చేది ఆడ చెట్టే."

"అంటే మన పిల్లోణ్ణి ఇల్లరికం పంపిస్తివా అల్లుడా!"

ఉద్యోగం నిలబడింది గానీ, మామ బతికున్నంత కాలం నాకు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టలేదు. ఇప్పుడు పులివెందులలో మా మిద్దె మీద గుమ్మడి తీగ పెంచుతున్నాను. పూసినవన్నీ మగ పూలే. పక్కింటాయన తీగకు మొన్న ఒక్క ఆడ పువ్వు పూసింది. మగ పువ్వు తుంచుకుని హుషారుగా పిట్టగోడ దాకా పోయి, అక్కడ ఆగిపోయాను.

"కాయలో మాకూ సగం ఇస్తావా అప్పా?" అని అడిగాకే పువ్వు చేతికిచ్చాను.