వెనక తలుపు లేని లారీ

మా కాప్రా వీధి చివర ఉండే రిటైరైన కర్నల్‌గారు ఈ మధ్య ఒక పెద్ద వ్యాను కొని, దాన్ని ఇల్లుగా మార్పించుకుంటున్నారు. ఇక మీదట ఆయనా, ఆయన భార్యా అందులోనే ఉంటారట. ఏ ఊరు నచ్చితే అక్కడ ఆపుకొని, విసుగు పుడితే బయల్దేరిపోతారట. మొన్న పొద్దున పాలప్యాకెట్ కోసం బయటికి వస్తే, మా ఇల్లు చూద్దురు గాని రండని చెయ్యి పట్టి ఎక్కించారు. ఎనభై దాటిన మోకాళ్లతో ఆ రెండు మెట్లూ ఎక్కేసరికి నా తాతలు దిగొచ్చారు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, బీరువా అంత స్నానాలగది, అన్నీ అమర్చారు. ఆఖరున ఆయన మురిసిపోతూ కిందికి దిగి, బయట నుంచి ఒక మీట నొక్కితే తలుపులన్నీ ఒకేసారి ఎలా బిగుసుకుంటాయో చూపించారు. నేను లోపలే ఉన్నాను. టప్పున చప్పుడైంది. నాకు ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. పాపం ఆయన హడలిపోయి తలుపు తీసి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగారు. వేసుకున్నానని చెప్పి ఇంటికొచ్చాను గాని, ఆ రోజంతా మా పెదనాన్నే కళ్లముందు తిరిగాడు.

మా పెదనాన్న మిలిటరీలో లారీ డ్రైవరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్లో పుట్టి, తెల్లదొరల కాలంలోనే పటాలంలో చేరి, బర్మా బురదలో బండ్లు నడిపి, పోలీసు చర్య నాటికి బెజవాడ వైపు నుంచి వచ్చిన దళంలో ఉన్నాడు. అంటే సొంతూరికి దండుతో కలిసి వచ్చిన మనిషన్నమాట. హైదరాబాదు రాష్ట్రం ఇంకా మ్యాపులో ఉండగానే పింఛను పుచ్చుకుని బోయిన్‌పల్లిలో ఒక పెంకుటింట్లో చేరాడు. నేను అప్పుడు పంతులమ్మ ట్రైనింగు చదువుతూ వాళ్ల దగ్గర ఉండేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఏపుగా పెరిగింది పెదనాన్న కోపం ఒక్కటే. పాలవాణ్ణి కొట్టాడు, రిక్షావాణ్ణి కొట్టాడు. క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చి ముద్దుగా తలుపు తట్టిన చర్చి కుర్రాళ్లను కర్ర తీసుకుని వీధి మలుపు దాకా తరిమాడు. ఎండైనా చలైనా వరండాలోనే పడుకునేవాడు. మిలిటరీ బారకాసుల అలవాటని అనుకునేవాళ్లం. నాకు ఆయనంటే భయం. దాచడమెందుకు, కొంత అసహ్యం కూడా.

అలాంటి మనిషి ఒకనాడు మిలిటరీ వేలంలో ఒక ముసలి లారీని కొని, ఇంటి ముందు నిలబెట్టి, ఇక మనం ఇందులోనే కాపురం ఉంటామని ప్రకటించాడు. నా నోటుపుస్తకాల వెనక పేజీలన్నీ ఆయన పెన్సిలు గీతలతో నిండిపోయాయి. ఇక్కడ మడతమంచం, ఇక్కడ నీళ్ల పీపా, ఇక్కడ కిరసనాయిలు స్టవ్, కుదుపులకు గిన్నెలు పడకుండా ఇక్కడ ఇనపజాలీ. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా దారి కూడా గీసేశాడు. బండి వెనక ఉండే చెక్క పలకను మాత్రం మొదటిరోజే ఊడబీకి పొయ్యిలోకి ఇచ్చాడు. దాని చోట ఒక గుడ్డ తెర వేలాడదీశాడు.

పెద్దమ్మది బాపట్ల. ఆవిడ లారీని ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, చింతకాయ పచ్చడి జాడీ ఎక్కడ పెట్టాలని మొదలుపెట్టింది. పాదిరిగారు ప్రార్థనకు వస్తే ఎక్కడ కూర్చుంటారు, స్నానం ఎక్కడ, వెనక తలుపే లేకపోతే ఆడదాని పరువేం కావాలి? తలుపు పెట్టిస్తే వస్తానంది. తలుపు పెట్టేది లేదని ఆయన. ఆ ఒక్క తలుపు మీద వాళ్లిద్దరూ మూడు వారాలు మాట్లాడుకోలేదు. మధ్యలో రాయబారం నాది. ఉప్పెక్కువైందని ఆయన నాతో చెబితే, అయితే తినొద్దనమని ఆవిడా నాతోనే చెప్పేది.

ఆ వాడకట్టులో పక్కింటికి పోయినా బయట గొళ్ళెం పెట్టి పోవడం అందరికీ అలవాటు. పెట్టకపోతే మేకలు దూరి బియ్యం బస్తాలో మూతి పెడతాయి. ఒక ఆదివారం వాన కురుస్తూంది. పెదనాన్నకు జ్వరం. వరండా అంతా జల్లు కొడుతుంటే, పెద్దమ్మ బతిమాలి మొదటిసారిగా ఆయన్ను లోపలి మంచం మీద పడుకోబెట్టింది. ఆయన నిద్రపోయాక మేమిద్దరం ఆరాధనకు బయల్దేరాం. పెద్దమ్మ చెయ్యి ఎప్పటిలాగే గొళ్ళెం మీదికి పోయింది. నేను చూశాను. నాకూ ఏమీ తోచలేదు.

తిరిగి వచ్చేసరికి వీధి నిండా జనం. మా తలుపు నడిమికి చీలి ఉంది. పక్కింటి కంపౌండరు గడప పక్కన కూలబడి, పళ్లు రాలిన నోట్లోంచి నెత్తురు ఉమ్ముతున్నాడు. అతని కుడిచెయ్యి మోచేతి కింద వంగకూడని వైపు వంగి ఉంది. లోపల కేకలు విని గొళ్ళెం తీయడానికి వచ్చాడట. తలుపు తెరుచుకోగానే పెదనాన్న ఇంట్లో ఉన్న లారీ జాకీ రాడ్డుతో మొహం మీద కొట్టాడు, చెయ్యి అడ్డం పెడితే దాన్నీ విరగ్గొట్టాడు. అంతకు ముందే తలుపును గుద్ది గుద్ది తన పిడికిళ్ల తోలు ఊడగొట్టుకున్నాడు. కంపౌండరును ఆస్పత్రికి పంపి వెతికితే, ఆయన లారీలో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను నడుస్తూంది. స్టీరింగంతా నెత్తురు.

పెద్దమ్మ పక్క సీట్లో ఎక్కి కూర్చుని, తన కొంగు చింపి ఆయన చేతులకు కట్టింది. నేను కింద తలుపు పట్టుకుని నిలబడ్డాను. కట్టు కట్టడం అయ్యాక ఆయనే మొదలుపెట్టాడు. పోలీసు చర్య ముగిసి, నవాబు రాజ్యం లొంగిపోయిన మర్నాడట. లారీల వరుస బెజవాడ రోడ్డు మీద వస్తూంది. దారిలో ఒక పల్లె. అంతకు ముందు నవాబు తరఫు తుపాకుల మూకలు వచ్చి ఆ ఊళ్లో ఒక వాడ తగలబెట్టి పోయాయి. ఆ పగను ఊరివాళ్లు తమ బట్టలు కుట్టే సాయిబు మీద తీర్చుకుంటున్నారు.

"ఇల్లు రోడ్డుకే ఉండె. బయట గొళ్ళెం పెట్టి కప్పుకు అగ్గి పెట్టిన్రు. లోపలున్నోళ్లు తలుపు బాదుతున్నరు. ఇంజన్ మోతల గూడ నాకు వినబడ్డది," అన్నాడు.

ఊరివాళ్లు ఒక చేత్తో కర్రలు పట్టుకునే రెండో చేత్తో లారీల మీద పూలు చల్లుతున్నారట. ఒక పువ్వు ఆయన ఒళ్లో పడిందట. పొలం వైపు నుంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ చాచి బండికి అడ్డం నిలబడింది.

"మీరు ఆపలేదా?" అంది పెద్దమ్మ.

"ముందు బండి ఆగలే. ముందు బండి ఆగకపోతే ఆగొద్దని ఆర్డర్. ఆ పిల్లను తప్పిచ్చి తిప్పుకొని వచ్చేసిన."

రెండురోజుల తరువాత బియ్యం బస్తాలతో అదే దారిన వెళ్లాడట. గోడలు కూలినా తలుపు సగం కాలి నిలబడే ఉంది. దాని వెనక నలుగురు, ఒకరి మీద ఒకరు. తలుపు కింది సందులోంచి ఒక పసిపిల్ల చెయ్యి మణికట్టు దాకా బయటికి ఉంది. బండి నెమ్మదించి చూశాడే గాని, ఆయన ఆ రోజూ ఆగలేదు.

పెద్దమ్మ ఏడవలేదు, ఓదార్చనూ లేదు. మర్నాడు పొద్దున స్టవ్, నీళ్ల కూజా, పచ్చడి జాడీ తెచ్చి తనే లారీలో సర్దింది. తలుపు మాట ఎత్తలేదు. "నేనొస్తానండీ. ముందు ఆ ఊరికి పోనివ్వండి. ఆ పిల్ల బతికుంటే ఆమె ముందు నిలబడండి. లేకపోతే ఈసారి మీ చేతుల్లో ఎవరో చచ్చిపోతారు, అప్పుడు నేను మీతో ఉండలేను," అంది. ఆయన వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కంపౌండరు విరిగిన చెయ్యి కళ్లముందే ఉంది మరి.

మేం ముగ్గురం ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చాయ్ దుకాణంలో సాయిబు ఇంటి సంగతి అడిగితే అందరూ చాయ్ గ్లాసుల్లోకి చూశారు. ఒక ముసలాయన గడ్డంతో ఎదురు పందిరి చూపించాడు. అక్కడ పాతికేళ్లకు అటూ ఇటూ ఉన్న ఆడమనిషి కుట్టు మిషను తొక్కుతూంది. మిషను ఇనుము నల్లగా మాడిపోయి ఉంది, కింది చెక్క మాత్రం కొత్తది. పెదనాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని, పరేడ్‌లో నిలబడ్డట్టు ఆమె ముందు నిలబడ్డాడు. ఆనాటి లారీల్లో ఒకటి తనదని చెప్పాడు. నువ్వు చేతులు చాచి అడ్డం నిలబడితే పక్కకు తిప్పుకొని పోయింది నేనేనని చెప్పాడు.

ఆమె తొక్కడం ఆపింది. బట్ట కొలిచే గజంకర్ర తీసి ఆయన మొహం మీద కొట్టింది. నుదురు చిట్లింది. మళ్లీ కొట్టింది, చెవి మీద, మెడ మీద, కట్టు కట్టిన చేతుల మీద. కర్ర విరిగితే విరిగిన ముక్కతోనే పొడిచింది. నేను ముందుకు పోబోతే పెద్దమ్మ నా జబ్బ నలిగిపోయేట్టు పట్టుకుంది. చాయ్ దుకాణంలోంచి ఒకడు కర్రతో ఆమె మీదికి వచ్చాడు. "నువ్వు జరుగు. ఆమెనేమనకు," అన్నాడు పెదనాన్న, కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకోకుండానే. పాలవాడి చెంప పగలగొట్టిన ఆ చేతులు ప్యాంటు కుట్లకు అతుక్కునే ఉన్నాయి.

ఆమె అలిసిపోయి, రొప్పుతూ అడిగింది. "తలుపు చప్పుడు విన్నవా?"

"విన్న బిడ్డా."

"ఆ లోపల నా చెల్లె ఉండె." విరిగిన కర్రముక్క కింద పడేసింది. "పో. ఆనాడు పోయినట్టే పో."

ఆయనకు అక్కడికి వచ్చి నిలబడడంకన్నా ఆ మాట మీద కదలడమే కష్టమైంది. పెద్దమ్మే చెయ్యి పట్టి బండెక్కించింది. ఆ తరువాత పదకొండేళ్లు వాళ్లిద్దరూ ఆ లారీలోనే బతికారు. పాదిరిగారు ప్రార్థనకు వస్తే బియ్యం డబ్బా మీద కూర్చునేవారు. పెదనాన్న మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. దారిలో ఎవరు చెయ్యి ఊపినా, గొర్రెలవాడైనా సరే, ఆపకుండా పోయేవాడు కాదు. ఇలా అయితే ఏ ఊరూ చేరమని పెద్దమ్మ సణిగేది. మంచివాడైపోయాడని నేను చెప్పను. క్షమించమని ఆయన అడగలేదు, ఆమె ఇవ్వలేదు, అదే న్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. ఆగవలసిన చోటే ఆయన చివరికి ఆగాడు. కాని ఆరేళ్లు ఆలస్యంగా ఆగాడు, ఆ తరువాత దేశమంతా నడిపినా ఆ ఆరేళ్లలో ఒక్క రోజు కూడా తరగలేదు.