పళ్ల డాక్టరు గారి అంచనాలు

వేసవి సెలవులకు ముందు నేను పనిచేసే స్కూలు స్టోరు గది ఖాళీ చేయిస్తుంటే మూలన చుట్టిపెట్టిన పాత మ్యాటింగ్ ఒకటి బయటపడింది. ఇప్పటి పిల్లలు సిమెంటు పిచ్ మీద పచ్చరంగు కార్పెట్ పరుచుకుని ఆడుతున్నారు గాని, మా రోజుల్లో క్రికెట్ అంటే కొబ్బరి పీచుతో నేసిన ఈ చాప మీదే. అటెండరు దాన్ని గ్రౌండులోకి ఈడ్చుకొచ్చి, దుమ్ము అణగడానికి బకెట్టుతో నీళ్లు చల్లాడు. తడిసిన పీచు వాసన, దాని కింద ఎండకు కాగిన ఉప్పు నేల వాసన కలిసి లేచాయి. ఆ వాసనకు నాకు ఏ మ్యాచూ గుర్తుకు రాలేదు, నేను తీసిన వికెట్లూ గుర్తుకు రాలేదు. బౌండరీ అవతల మడత కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని మమ్మల్ని చూస్తూ కూర్చునే పార్థసారథి గారు గుర్తుకొచ్చారు.

బందరులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ పళ్ల డాక్టరు గారే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట పొదుపు. ఆదివారం మధ్యాహ్నం క్లినిక్ మూసేసి, స్కూటరు ముందు భాగంలో కుర్చీ పెట్టుకుని గ్రౌండుకు వచ్చేవారు. తను జీవితంలో ఎప్పుడూ బ్యాటు పట్టుకోలేదని ఆయనే చెప్పేవారు. స్కోరు అడిగేవారు కాదు, ఎవరు గెలిచారో చూడకుండానే వెళ్లిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆయనకు కావలసిందల్లా కొత్త బంతితో మొదలుపెట్టే బౌలర్లు. సరిగ్గా బౌలర్ చేతికి వెనక కుర్చీ వేసుకునేవారు. బ్యాట్స్‌మెన్ని ఎందుకు చూడరని ఒకసారి అడిగితే, "బ్యాటింగులో సగం అదృష్టం ఉంటుందయ్యా. ఇవాళ రెండు క్యాచ్‌లు వదిలేస్తే వాడే హీరో. బౌలర్‌ది అలా కాదు. వాడి ఒళ్లు ఏం చెబుతుందో అదే జరుగుతుంది," అన్నారు.

తొంభైల మధ్యలో మా టౌను టీములో కొత్త బంతి వేసేవాళ్లం ముగ్గురం. నందివాడ నుంచి వచ్చి బందరులో చదువుకుంటున్న కిషోర్ ఒకడు. వాళ్ల నాన్నకు పొలాలూ చేపల చెరువులూ ఉన్నాయి. గిలకలదిండి నుంచి వచ్చే నాగరాజు రెండోవాడు. తండ్రితో పాటు సముద్రం మీదికి వెళ్లి వలలు లాగిన చేతులు వాడివి. మూడోవాణ్ణి నేను, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాణ్ణి. ఒక ఆదివారం గుడివాడలో మ్యాచ్ ఆడి, బస్టాండు దగ్గర సోడాలు తాగుతున్నాం. మాతో పాటే వచ్చిన డాక్టరు గారిని కిషోర్ ఊరికే కదిలించాడు.

"మా ముగ్గురిలో ఎవరు ఎంత దూరం పోతారో చెప్పండి డాక్టరు గారూ."

ఆయన సోడా సీసా కింద పెట్టి, రోగి నోట్లోకి చూసినంత శ్రద్ధగా మా ముగ్గురినీ చూశారు. కిషోర్‌తో, "నువ్వు స్టేట్‌కి ఆడతావు. అందులో నాకు అనుమానం లేదు. నాగరాజు మీ అందరికంటే ఫాస్టు. కానీ ఆ నడుము ఎక్కువ కాలం మోయదు. బంతి వదిలేటప్పుడు భుజాలు ఒకవైపు తిరుగుతున్నాయి, తుంటి ఇంకోవైపు తిరుగుతోంది. యాక్షన్ మార్చుకోకపోతే విరిగిపోతాడు."

"మార్చుకుంటే స్పీడు పోద్దండి," అన్నాడు నాగరాజు.

"పోతుంది. మళ్లీ వస్తుంది."

నేను అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను. "నువ్వా? నువ్వు నలభై ఏళ్లొచ్చే దాకా బౌలింగ్ వేస్తావు. ఇక్కడే వేస్తావు," అన్నారు.

తిరుగు బస్సులో నేను కావాలనే వెనక సీట్లో కూర్చున్నాను. పామర్రు దాటాక ఆయనే లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "కోపం వచ్చిందా?" అన్నారు. లేదన్నాను. "వచ్చింది. రానీ. నీ వెనక అనేకంటే నీ ముందే అనడం మర్యాద. నీ చేతిలో బంతి లేనప్పుడు నువ్వు ఎక్కడ చూస్తావో నీకు తెలుసా? బ్యాట్స్‌మన్ వైపు చూడవు. అవతలి బౌలర్ కాళ్ల వైపు చూస్తావు. అది అందరూ చేసే పని కాదు," అన్నారు. అప్పుడు అది నాకు ఓదార్పులా వినిపించింది. ఆయన ఓదార్చే మనిషి కాదని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

ఆ తర్వాత నుంచి నేను కూడా ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. నా బౌలింగ్ వంతు లేనప్పుడు, మ్యాచ్ లేని సాయంత్రాలు నెట్స్ దగ్గర, ఆయన ఏం చూస్తున్నారో అదే చూడటానికి ప్రయత్నించేవాణ్ణి. ఒకరోజు నాగరాజు ఓవరు పూర్తిచేసి, కాలి దగ్గర పడిన బంతిని తీసుకున్నాడు. "చూశావా?" అన్నారాయన. నాకేమీ కనిపించలేదు. "మళ్లీ చూడు. నడుం వంచడం లేదు. మోకాళ్లు వంచి కూర్చుని తీస్తున్నాడు. మొన్నటి దాకా అలా లేదు." మ్యాచ్ కాగానే నాగరాజును పిలిచి, నడుము కింద బొటనవేలితో నొక్కారు. వాడు పళ్లు బిగబట్టాడు గాని నొప్పి అనలేదు.

విజయవాడలో ఆయన స్నేహితుడు ఒక ఎముకల డాక్టరు ఉండేవాడు. మరుసటి రోజే మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. నడుము కింది ఎముకలో చీలిక ఉంది. కొన్ని నెలలు పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే అతుక్కుంటుంది. ఇలాగే బౌలింగ్ వేస్తే ఎముక జారుతుంది, ఆ తర్వాత క్రికెట్ సంగతి అటుంచి, కాలు సరిగా పనిచేస్తుందో లేదో కూడా చెప్పలేం అన్నాడు ఆ డాక్టరు.

ఈ సంగతి బయటపడటానికి వేరే సమయం దొరకలేదు. వచ్చే ఆదివారం గుడివాడలో మాకు ఫైనల్ ఉంది. ఒక ప్రభుత్వ సంస్థ తమ టీము కోసం స్పోర్ట్స్ కోటాలో ఫాస్ట్ బౌలర్‌ను తీసుకోవాలని చూస్తోంది. ఆ సంస్థ మనిషి మ్యాచ్ చూడటానికి వస్తున్నాడు. నాగరాజు తండ్రికి అప్పటికే ఒకసారి గాలివానలో పడవ పోయింది. సముద్రం మీదికి మళ్లీ వెళ్లకుండా బతకడానికి వాడికి కనిపించిన దారి ఆ ఉద్యోగం ఒక్కటే. తిరుగు బస్సులో వాడు డాక్టరు గారి పక్కన కూర్చుని, బతిమాలినట్టు కాకుండా మామూలుగానే చెప్పాడు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పమాకండి. ఆ ఒక్క మ్యాచ్ ఏసేస్తాను. తర్వాత ఏడాదంతా పడుకోమన్నా పడుకుంటాను."

డాక్టరు గారు చాలాసేపు కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చున్నారు. చివరికి, "నాలుగు ఓవర్లు. చూసేవాడికి చూపు ఉంటే నిన్ను తెలుసుకోవడానికి నాలుగు చాలు. ఐదోది వేయకూడదు," అన్నారు.

"సరేనండి," అన్నాడు నాగరాజు.

ఆదివారం వాడు వేసిన నాలుగు ఓవర్లలాంటివి నేను మా ప్రాంతంలో మళ్లీ చూడలేదు. బంతి మ్యాటింగ్ మీద పడి వికెట్ కీపర్ తల మీదుగా లేస్తోంది. షామియానా కింద కూర్చున్న సంస్థ మనిషి కుర్చీ ముందుకు జరుపుకోవడం మిడ్-ఆన్‌లో నిలబడ్డ నాకు కనిపించింది. నాలుగో ఓవరు అయ్యాక నాగరాజు పక్కకు తప్పుకోవాలి. మా కెప్టెన్‌కు ఏమీ తెలియదు. ఇంకో వికెట్ పడితే మ్యాచ్ అయిపోయినట్టేనని మళ్లీ బంతి వాడి చేతికే ఇచ్చాడు. వాడు తీసుకున్నాడు. నా వైపు చూడలేదు. రనప్ చివరికి నడిచి వెళ్లి, ఒక్క క్షణం బౌండరీ అవతల ఉన్న కుర్చీ వైపు చూశాడు. తర్వాత బంతిని ప్యాంటుకు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

డాక్టరు గారు లేచారు. చెప్పులతోనే గ్రౌండులోకి నడిచి వచ్చారు. పరుగెత్తలేదు, చేతులు ఊపలేదు. నేరుగా వచ్చి పిచ్ మధ్యలో నిలబడ్డారు. జనం ఈలలు వేశారు. అంపైరు, "ఏంటండీ డాక్టరు గారూ, మ్యాచ్ జరుగుతోంది," అన్నాడు.

"ఇతను బౌలింగ్ వేయకూడదు. నడుము ఎముకలో చీలిక ఉంది. ఎక్స్‌రే నేను చూశాను," అన్నారాయన. మెల్లగా మాట్లాడటం ఆయనకు అలవాటు. ఆ రోజు మాత్రం షామియానా దాకా వినిపించింది.

నాగరాజు దగ్గరికి వచ్చాడు. "చెప్పమాకండి అంటే ఊరుకున్నారు గదండీ," అన్నాడు.

"నాలుగన్నాను. సరేనన్నావు," అన్నారు డాక్టరు గారు.

వాడు బంతిని మ్యాటింగ్ మీద పెట్టి, గ్రౌండు దాటి, రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. ఆ ఓవరు నేను వేశాను. మ్యాచ్ గెలిచాం. ఉద్యోగం వేరే ఊరి బౌలర్‌కు వచ్చింది.

వారం తర్వాత డాక్టరు గారు నన్ను వెంటబెట్టుకుని గిలకలదిండి వెళ్లారు. నాగరాజు లోపల గదిలో పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. వాళ్లమ్మ అప్పుడే మార్కెట్లో చేపలమ్మి వచ్చి, ఖాళీ గంప కడుగుతోంది. మాకు మంచం వాల్చి కూర్చోమంది. ఆయన జరిగిందంతా చెప్పి, వైద్యం తను చూసుకుంటానన్నారు. ఆమె చేతులు తుడుచుకుంటూ విన్నది. "మీరు మంచి పని చేశారో చెడ్డ పని చేశారో నాకు తెలవదు బాబూ. వాడు అన్నం తినట్లేదు," అంది. మేము ఇంకాసేపు కూర్చుని లేచాం. స్కూటరు స్టార్టు చేయబోయి ఆయన ఆగారు. ఆ ఇంటి వైపు ఒకసారి చూసి స్టార్టు చేశారు.

నాగరాజు నడుము బాగుపడింది. బౌలింగ్ మాత్రం మళ్లీ వేయలేదు. తండ్రితో సముద్రం మీదికి వెళ్లాడు. బజారులో డాక్టరు గారు ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాడు. డాక్టరు గారు గ్రౌండుకు రావడం తగ్గించారు. వచ్చినా ఎవరి గురించీ ఏమీ చెప్పేవారు కాదు. ఈలోగా కిషోర్ స్టేట్ ప్రాబబుల్స్‌లోకి, అంటే రాష్ట్ర జట్టును ఎంచే ముందు పిలిచే కుర్రాళ్ల జాబితాలోకి వెళ్లి, ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చేశాడు. దెబ్బ తగల్లేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. తెల్లవారకముందే లేచి పరుగెత్తడం తనకు నచ్చలేదని, చెరువుల దగ్గరే హాయిగా ఉందని నవ్వుతూ చెప్పాడు. ఆ మాట నేను క్లినిక్‌కు వెళ్లి డాక్టరు గారికి చేరవేశాను. ఆయన కూడా నవ్వారు. "అయితే వాడి విషయంలో తప్పాను. చెయ్యి చూశాను, భుజం చూశాను. ఈ ఆట నీకు ఇష్టమేనా అని ఒక్కసారి కూడా అడగలేదు." తర్వాత నవ్వు ఆపి, "నేనెవర్నీ ఏమీ అడగలేదులే," అన్నారు.

కొన్నేళ్లు గడిచాయి. నాకు స్కూల్లో ఆటల మాస్టరు ఉద్యోగం వచ్చింది. నాగరాజుకు సొంత పడవ, పెళ్లి, ఒక కూతురు. ఒకరోజు వాడు దవడ వాచిపోయి మా ఇంటికి వచ్చాడు. మూడు రోజులుగా నిద్ర లేదన్నాడు. బందరులో అప్పటికి ఇంకా ఇద్దరు ముగ్గురు పళ్ల డాక్టర్లు ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పబోతుంటే, "ఆయన దగ్గరికే పోదాం పద," అన్నాడు.

డాక్టరు గారి జుట్టు పూర్తిగా తెల్లబడింది. నాగరాజును చూసి కూర్చోమన్నారు. నోరు తెరిపించి చూశారు. పన్ను తీసేయాలన్నారు. వాడు తలూపాడు. మత్తు ఇంజక్షను ఇచ్చి, అది ఎక్కే దాకా ముగ్గురం కూర్చున్నాం. తర్వాత ఆయన పరికరం చేతిలోకి తీసుకుని, ప్రతి రోగికీ చెప్పే మాటే చెప్పారు.

"నొప్పిగా ఉంటే చెయ్యెత్తు. ఆపేస్తాను."

నాగరాజు ఆయన మణికట్టు పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరిపాడు. మత్తుకు పెదవి తిరగకపోయినా మాట స్పష్టంగానే వచ్చింది. "ఆ రోజు నేను చెయ్యెత్తలేదు గదండీ."

డాక్టరు గారు పరికరం ట్రేలో పెట్టేశారు. "ఎత్తలేదు," అన్నారు. "ఎత్తే దాకా ఆగాల్సిందంటావా?" అని అడిగారు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగారు.

"నేను ఎత్తేవాణ్ణి కాదండి. కూలబడిపోయేదాకా ఏసేవాణ్ణి. మీరు ఆపబట్టే ఇవాళ వల లాగగలుగుతున్నాను, అది నాకు తెలుసు. అయినా చెయ్యి నాది గదండీ."

"అవును. నీదే," అన్నారు డాక్టరు గారు.

నాగరాజు తల వెనక్కి ఆనించి నోరు తెరిచాడు. పన్ను తేలిగ్గానే వచ్చింది. ఆ తర్వాత పండగలకి డాక్టరు గారింటికి గిలకలదిండి నుంచి చేపలు వెళ్లేవి. అంతకుమించి వాళ్లిద్దరూ దాని గురించి మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు. ఇంకొన్నేళ్లకు డాక్టరు గారు పోయారు. శ్మశానం దగ్గర నాగరాజు జనానికి దూరంగా నిలబడి, అంతా అయ్యే దాకా ఉండి వెళ్లాడు.

నేను నలభై దాటే దాకా బౌలింగ్ వేశాను, ఇక్కడే వేశాను. ఇప్పుడు పిల్లల చేత వేయిస్తున్నాను. అవనిగడ్డ నుంచి, బంటుమిల్లి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి, మావాడు ఎంతవరకు వెళ్తాడు సార్ అని అడుగుతారు. పిల్లవాడు పది బంతులు వేసేసరికి నాకు ఎంతో కొంత తెలిసిపోతుంది. మడమ ఎక్కడ పడుతోందో, భుజం ఎప్పుడు అలసిపోతోందో, ఏ కీలు ముందు చెడిపోతుందో కనిపిస్తాయి. ఆ చూపు ఆయన ఇచ్చిందే. కనిపించినదాన్ని మొదట ఆ పిల్లవాడికే విడిగా చెబుతాను. ఏం చేద్దామనుకుంటున్నావని అడుగుతాను. చాలామంది ఆడతానంటారు. చెయ్యి తనదన్న నాగరాజు మాట నిజమని నమ్ముతాను, ఆ రోజు డాక్టరు గారు నడిచి రావడం కూడా సరైనదేనని నమ్ముతాను. ఈ రెంటిలో ఒకదాన్ని వదులుకోవడం ఇంతవరకు నాకు చేతకాలేదు. అందుకని ఆడతానన్నవాణ్ణి ఆడనిస్తాను, బౌండరీ దగ్గర నిలబడి చూస్తాను. ఎప్పుడైనా గ్రౌండులోకి నడవాల్సి వస్తే నడుస్తానని, ఆ సంగతి మాత్రం వాడికి ముందే చెప్పి ఉంచుతాను.